ఊహల్లోని రేవుపట్నానికి పేటలు ఎక్కడి నుంచి వస్తాయి?

తెలుగులో ఫాంటసీ కథలు రాసేవాళ్ళూ, స్నేహితులతో కూర్చుని కథాగేమ్‌లు ఆడేవాళ్ళూ గీసుకునే రేవుపట్నాల మ్యాపులు చూస్తే నాకు సంతోషం వేస్తుంది. వెంటనే ఒక దిగులు కూడా పట్టుకుంటుంది. కొండ మీద రాజుగారి కోట, దాని కింద వర్తకుల పేట, ఒక మూల మంత్రగాళ్ళు, ఇంకో మూల దొంగలు, సముద్రం పక్కన బెస్తవాళ్ళ గుడిసెలు. ఒక్కోదానికి ఒక్కో రంగు వేసి ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ వర్తకుల పేటను ఎత్తి దొంగల పేట ఉన్నచోట పెట్టినా కథలో ఏ మార్పూ రాదు. అలాంటి పట్నంలో ఎవరి కూలీ ఎవరి చేతిలోనూ ఉండదు, ఎవరికీ ఎవరితోనూ నిజమైన తగువు ఉండదు.

రేవులో పేటలూ, మనుషుల మధ్య అంతరాలూ విడివిడిగా పుట్టవు. ఆ రెండింటి ముడి విప్పాలంటే సరుకు మూట వెంట నడవాలి. ఓడలోంచి దిగిన మూట బజారుకు చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో చూడండి. చెయ్యి మారిన చోటల్లా ఒక పేట లేస్తుంది. ఏ చెయ్యి పక్కకు తప్పుకుంటే మూట ఆగిపోతుందో ఆ చేతికి బలం. ఏ చేతికి బదులు ఇంకో చెయ్యి తేలిగ్గా దొరుకుతుందో ఆ మనిషి ఇల్లు ఊరి చివర. నేను చెప్పదల్చుకున్నది ఇదే. మిగతాదంతా దీని విస్తరణ.

మన కర్నూలుకు సముద్రం లేదు. అయినా రేవు అంటే తెలియని ఊరు కాదిది. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉంది. ఆలంపురం గుళ్ళకు రాళ్ళు తోలే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని మనమంతా చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ మాటను నగరం కట్టేవాడి కన్నుతో ఒకసారి చూడండి. బండి ఆగిందంటే ఎద్దులకు మేత కావాలి. కందెనకు నూనె కావాలి, అంటే గానుగ ఉండాలి. చక్రం పట్టా ఊడితే కమ్మరి, ఆకు విరిగితే వడ్రంగి. నదిలో నీళ్ళెక్కువగా ఉంటే తగ్గేదాకా ఆగాలి కాబట్టి పడుకోడానికి సత్రం, తినడానికి పూటకూళ్ళ ఇల్లు. దాటించడానికి పుట్టి వేసేవాళ్ళు. బండి ఒడ్డున ఆగడంతోనే ఇన్ని పనులు, ఇన్ని వీధులు. బండిమెట్ట, వడ్డేగేరి లాంటి పేర్లు పాత కర్నూల్లో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. రేవుపట్నం రాయడానికి బీచ్ పక్కనే పుట్టాల్సిన పని లేదు. సరుకు ఆగే చోటును చూసిన కన్ను ఉంటే చాలు.

ఒక పట్నాన్ని కల్పిద్దాం. పేరు అలివిపట్నం. నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. అలివి దగ్గర ఇసుక మేట వేసి లోతు తక్కువ, పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. ఊళ్ళో కొందరికి గాలిని పిలిచే విద్య తెలుసు. సముద్రం అడుగున ఊపిరి పీల్చగలిగే ఒక జాతి ఉంది, వాళ్ళను నీటివాళ్ళు అందాం. మాయ ఇంతే. మిగతాదంతా కూలీ, బాడుగ, సుంకం.

మొదటి చెయ్యి పడవవాళ్ళది. చెన్నపట్నం రెండు శతాబ్దాలకు పైగా సరైన హార్బర్ లేకుండానే పెద్ద రేవుగా బతికింది. ఓడలు దూరంగా లంగరు వేసేవి. అలల మీదుగా సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవి మసూలా పడవలు. పలకలను ఇనుప మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు ఆ పడవ కాస్త వంగి సర్దుకునేది, పగిలిపోయేది కాదు. అక్కడ కృత్రిమ హార్బర్ పనులు 1875లో మొదలయ్యాయి. 1881లో వచ్చిన తుఫాను ఆ గోడలనే దెబ్బతీసింది. అంతకాలం పడవవాళ్ళు సముద్రంలోకి దిగకపోతే ఎంత పెద్ద దొర అయినా ఓడలోనే కూర్చోవాలి.

ఈ మనుషులను చాలా కథలు పేదల గుంపుగా గీసి వదిలేస్తాయి. అది అన్యాయం, పైగా కథకు నష్టం. అలివిపట్నంలో పడవవాళ్ళకు మర్యాద తక్కువ, బలం ఎక్కువ. పెళ్ళిలో వాళ్ళను వెనక వరసలో కూర్చోబెట్టే షావుకారు, తెల్లారి ఓడ వచ్చిందంటే తండేలు, అంటే పడవ పెద్ద, ఇంటి ముందుకు తానే నడిచి వస్తాడు. పడవవాళ్ళలో కూడా అందరూ ఒకటి కాదు. పడవ సొంతంగా ఉన్న తండేలుది పెంకుటిల్లు. రోజు కూలికి తెడ్డు వేసే కళాసీది తాటాకు పాక. తండేలు కూతురిని కళాసీ కొడుక్కి ఇవ్వరు. బయటివాడికి ఒకే పేటలా కనిపించే దాంట్లో లోపల ఇన్ని మెట్లుంటాయి. అంతరాలను పేటకూ పేటకూ మధ్య మాత్రమే గీసి, పేట లోపల గీయకపోవడం నాకు తరచూ కనిపించే లోపం.

రెండో చెయ్యి తూకం దగ్గరిది. దీనికోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డ వచ్చే రోజుల్లో పొద్దున్నే వెళ్ళి నిలబడండి. రైతు తన బస్తాల పక్కనే ఉంటాడు. వ్యాపారి ఒక గోతాం మూతి విప్పి, మోచెయ్యి దాకా లోపలికి పెట్టి అడుగున ఉన్న గడ్డను పైకి తీస్తాడు. మెడ దగ్గర బొటనవేలితో నొక్కుతాడు. వేలు మెత్తగా దిగిందా, రేటు అక్కడే పడిపోతుంది. హమాలీ కొక్కెం తగిలించి బస్తాను కాటా మీదికి లాగుతాడు. గుమాస్తా అంకె చూసి, తరుగు తీసి, చీటీ రాసి చేతికిస్తాడు. సరుకు రైతుది. కానీ దాన్ని నొక్కి చూసే హక్కు ఒకరిది, తూచే హక్కు ఒకరిది, రాసే హక్కు ఇంకొకరిది. ఆ కాస్సేపట్లో రైతు ముఖం చూస్తే సమాజం గురించి పుస్తకాల్లో చదివినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

అలివిపట్నం సుంకపు చావిడి దగ్గర కూడా ఇదే జరుగుతుంది. మిరియాల మూటలోకి చెయ్యి పెట్టేవాడు ఒకడుంటాడు. త్రాసు ఎవరిదన్నదే ఆ పట్నం రాజకీయం. రాజుదైతే ఒక రకం ఊరు, వర్తకుల శ్రేణిదైతే ఇంకో రకం, గుడిదైతే మరో రకం. త్రాసు చుట్టూ గుమాస్తాలు, వడ్డీవ్యాపారులు, గిడ్డంగుల వాళ్ళు, దుబాసీలు చేరతారు. చెన్నపట్నంలో తెల్లదొరలకూ, బజారుకూ మధ్య నిలబడి మాటనూ బేరాన్నీ నడిపిన దుబాసీల్లో తెలుగువాళ్ళు చాలామంది. దుబాసీ ఇల్లు ఎక్కడ పెడతారో జాగ్రత్తగా ఆలోచించండి. దొరల కోటలో ఉండనివ్వరు. సొంతవాళ్ళ వీధిలో ఉంటే అనుమానంగా చూస్తారు. రెండు పేటల సరిహద్దులో, రెండు వైపులా తలుపులున్న ఇల్లు అతనిది. పట్నంలో అందరికంటే ఎక్కువ టెన్షన్ పడే మనిషి బహుశా అతనే.

దుబాసీ లేకుండా బేరం జరగాలంటే? మన పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతో ధర చెప్పుకోవడం చూసే ఉంటారు. చుట్టూ యాభై మంది ఉన్నా ధర ఇద్దరికే తెలుస్తుంది. భాష కలవని రేవులో ఈ పద్ధతి ఎంత విలువైందో ఊహించుకోండి. దీన్ని మీ కథలోకి నిస్సంకోచంగా తీసుకోండి, మన సొత్తే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఎదురుచూపు. ఫాంటసీ మ్యాపుల్లో పరదేశుల పేట ఎందుకుందో ఎవరూ చెప్పరు. నిజమైన రేవుల్లో దానికి కారణం గాలి. ఆవిరి ఓడలు రాకముందు హిందూ మహాసముద్రంలో తెరచాప ఓడలు రుతుపవనాల మీద ఆధారపడేవి. నైరుతి గాలితో అరబ్బు తీరం నుంచి ఇటు వచ్చిన ఓడ, ఈశాన్య గాలి మొదలయ్యేదాకా తిరిగి వెళ్ళలేదు. అంటే వర్తకుడు నెలల తరబడి ఇక్కడే ఉండాలి. ఉండాలంటే ఇల్లు, వంటమనిషి, ప్రార్థనకు చోటు, జ్వరమొస్తే వైద్యుడు, చనిపోతే శ్మశానం. కొందరు ఇక్కడే పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకు రెండు భాషలూ వచ్చాయి. గాలి ఆగడం వల్ల ఒక కొత్త సమాజమే పుట్టుకొచ్చింది.

ఐరోపా కంపెనీలు వచ్చాక ఆ మకాం కొఠీగా, అంటే వర్తక స్థావరంగా, ఆపై కోటగా బిగుసుకుంది. ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో కొఠీ పెట్టింది 1611లో. ఆ ఊళ్ళో వలందపాలెం డచ్చివాళ్ళ గుర్తు, పరాసుపేట ఫ్రెంచివాళ్ళ గుర్తు. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనే అక్కర్లేదు. జపాన్‌లో మాత్రం లెక్క వేరు. నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపంలో 1641 నుంచి రెండు శతాబ్దాలకు పైగా డచ్చివాళ్ళను ఉంచారు. ఊరికీ దానికీ మధ్య ఒకే వంతెన, దాని మీద కాపలా. పరదేశి పేటకు గోడ కట్టింది పరదేశా, ఊరివాళ్ళా? గోడ ఎవరు కట్టారో తెలిస్తే ఎవరికి ఎవరంటే భయమో తెలుస్తుంది. మీ పట్నంలో ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకుంటే పది పేజీల చరిత్ర దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు అలివిపట్నంలోని గాలివిద్య సంగతికి వద్దాం. గాలిని పిలవగలిగితే ఎదురుచూపు అక్కర్లేదు. ఎదురుచూపు లేకపోతే పరదేశుల పేట ఉండదు, రెండు భాషల పిల్లలు ఉండరు, పూటకూళ్ళమ్మకు బేరం ఉండదు. ఒక్క మంత్రం ఇన్ని వీధులను చెరిపేస్తుంది. మాయను కథలో పెట్టేవాళ్ళు ఈ లెక్క చూసుకోకపోతే పట్నం కూలిపోతుంది.

కాబట్టి విద్య ఉంది, కానీ ఖరీదు ఎక్కువ అనుకుందాం. ఒక ఓడకు గాలి పిలవాలంటే దానిలోని సరుకులో నాలుగో వంతు ఇచ్చుకోవాలి. పెద్ద కంపెనీ ఇస్తుంది, వారం తిరక్కుండా వెళ్ళిపోతుంది, మళ్ళీ సరుకుతో వస్తుంది. చిన్న వర్తకుడు ఇవ్వలేడు, గాలి మారేదాకా ఉండిపోతాడు. అతను ఇంటికి చేరేసరికి అక్కడ ధర పడిపోయి ఉంటుంది. పట్నంలో అసలు విభజన ఇక్కడ మొదలవుతుంది. ఒకవైపు గాలి కొనుక్కునేవాళ్ళు, ఇంకోవైపు గాలి కోసం కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. జాతి, మతం, రంగు ఏదైనా ఈ గీత వాటన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఒకే దేశం నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు ఈ గీతకు చెరోవైపు ఉండొచ్చు.

గాలి పిలిచేవాళ్ళ మకాం కూడా మారుతుంది. ఊరికి దూరంగా, ఎత్తైన బురుజులో, గుడ్లగూబల మధ్య ఉండటం వాళ్ళకు కుదరదు. సుంకపు చావిడి పక్కనే, అప్పులిచ్చే షావుకారు కొట్టుకు ఎదురుగా ఉంటారు. వాళ్ళకు జీతమిచ్చేది ఆ షావుకారే. వాళ్ళను ద్వేషించేది కూడా మీరు అనుకునేవాళ్ళు కాదు. అద్దె ఇళ్ళవాళ్ళు, పూటకూళ్ళవాళ్ళు, ఓడల మరమ్మతు చేసే వడ్రంగులు, అంటే ఎదురుచూపు మీద బతికే పేటంతా వాళ్ళ మీద పళ్ళు నూరుతుంటుంది.

వాసన గురించి తక్కువలో చెప్తాను. తోళ్ళు నానబెట్టే చోటు, చేపలు ఎండబెట్టే చోటు గాలి వాలు చూసి ఊరి బయట పెడతారు. బట్టలు ఉతికి, ఎండబెట్టి, అద్దకం వేసేవాళ్ళకు మంచినీళ్ళు, ఖాళీ స్థలం కావాలి. చెన్నపట్నంలో చింతాద్రిపేటను 1734లో నేతపనివాళ్ళ కోసమే ఏర్పాటు చేశారు. కంపెనీకి కావాల్సింది బట్ట, బట్ట నేసేవాడు కళ్ళెదుట ఉండాలి. ఓడలో వెళ్ళే సరుకు ఏదో తెలిస్తే ఊరి బయట ఏ పేట ఉంటుందో తెలిసిపోతుంది.

ధనవంతులు ఎప్పుడూ ఎత్తు మీదే ఉంటారన్నది మాత్రం రేవు విషయంలో నేను ఒప్పుకోను. రేవు వర్తకుడికి తెరచాప కనిపించాలి, గిడ్డంగి తాళం చేతికి అందాలి, అందుకని నీళ్ళ పక్కనే ఉంటాడు. విశాఖలో హార్బర్‌కు దారినిచ్చే కాలువ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఎత్తును దేవుళ్ళకు వదిలి మనుషులు కిందనే బతికారు. నీళ్ళ పక్కన ఉన్నందుకు అందరూ మూల్యం చెల్లిస్తారు. 1864 నవంబరులో ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచేసి దాదాపు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. మన దగ్గర 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగినప్పుడు కర్నూలు పాత ఊరు మునిగింది. పాకలతో పాటు నది ఒడ్డు బజారులో తరాలుగా వ్యాపారం చేస్తున్న అంగళ్ళూ మునిగాయి. తేడా నీళ్ళు తీసాక తెలుస్తుంది. మేడ ఉన్నవాడు ఆ రాత్రి పైకెక్కాడు. డబ్బున్నవాడు తర్వాత వేరే కాలనీలో స్థలం కొన్నాడు. లేనివాడు అదే గోడకు సున్నం వేసుకున్నాడు. మీ పట్నంలో ఒక వరద పెట్టండి. వరద వచ్చిన రాత్రి కంటే అది పోయిన ఏడాది గురించి ఎక్కువ రాయండి.

అంతరాలు పైకి కనిపించేది ఊరేగింపు రోజున. చెన్నపట్నంలో కుడిచేతి, ఎడమచేతి వర్గాలని కులాలు రెండుగా చీలి ఉండేవి. కోమట్లు, బలిజలు కుడివైపు, బేరి శెట్టులు, కంసాలులు ఎడమవైపు. 1652లోనూ, మళ్ళీ 1707లోనూ పెద్ద గొడవలయ్యాయి. గొడవ ఏ వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగింపు, ఎవరి శవయాత్ర నడవాలన్న దాని మీద. ఊరు వదిలి వెళ్ళిపోతామనే దాకా వచ్చింది, కంపెనీ గవర్నరు తలపట్టుకోవాల్సి వచ్చింది. డబ్బులో సమానంగా ఉన్నవాళ్ళు కూడా దారి దగ్గర సమానం కాలేదు. మీ మ్యాప్ మీద పేటల రంగులు చెరిపేసి, ఎవరి పల్లకీ ఏ వీధి దాకా వెళ్ళి ఎక్కడ వెనక్కి తిరుగుతుందో ఒక గీత గీయండి. పట్నం ప్రాణం పోసుకుంటుంది.

గీత గీసినచోట తలుపు కూడా పెట్టాలి. కడపలో ఉగాది రోజున ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. స్వామిని పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి తమ అల్లుడని నమ్మకం. ఏడాది పొడవునా ఎవరి వీధుల్లో వాళ్ళున్నా, ఆ రోజు చుట్టరికంతో గడప దాటతారు. రాయలసీమలో పుట్టినవాడు కల్పించే పట్నంలో ఇలాంటి చుట్టరికం ఒక్కటైనా లేకపోతే నాకు వెలితిగా ఉంటుంది. అలివిపట్నంలో నీటివాళ్ళ ఆడపడుచు పడవవాళ్ళ దేవత అయిందనుకోండి. ఏడాదికి ఒకరోజు నీటివాళ్ళు తడి బట్టలతో పేట మధ్యలో నుంచి నడిచి వస్తారు, ఎవరూ అడ్డు చెప్పరు. మర్నాటి నుంచి మళ్ళీ పాత కట్టుబాట్లే.

నీటివాళ్ళ అసలు తగువు మాత్రం మునిగిన సరుకు గురించి. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఎవరిది? పూర్వం రాజులు అందులో ఉన్నదంతా తీసేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ఆ పద్ధతిని మాన్పించింది. న్యాయమైన సుంకం తప్ప మిగతాది వర్తకుడిదేనని అభయమిచ్చింది. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. సముద్రం మీద సర్వం పోగొట్టుకుని వచ్చిన పరాయివాడిని దోచుకోవద్దని ఒక రాజు రాతి మీద చెక్కించడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఇప్పుడు దీన్ని అలివిపట్నంలో పెట్టి చూడండి. మునిగిన మూటలను పైకి తెచ్చి బతికే నీటివాళ్ళకు ఈ ధర్మశాసనం నోటిదగ్గర కూడు తీసేస్తుంది. వర్తకుడికి అభయమైంది వాళ్ళకు ఆకలి. నిన్నటి దాకా వృత్తి అయినది ఇవాళ దొంగతనం.

అందుకే రేవుపట్నానికి వేరే దొంగల పేట అక్కర్లేదంటాను. రేవులో పెద్ద దొంగతనం చీకటి సందుల్లో జరగదు, చీటీ రాసే చోట జరుగుతుంది. వంద మూటలు దిగితే తొంభై అని రాసిన గుమాస్తాకు ముసుగు అక్కర్లేదు.

చివరగా కాలం. పట్నాన్ని ఒకే రోజున కట్టినట్టు గీయకండి. కర్నూల్లో నవాబుల కాలం నాటి వీధులున్నాయి. ఆ నవాబును ఇంగ్లీషువాళ్ళు 1839లో తొలగించారు. తర్వాత సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన కర్నూలు-కడప కాలువ, అంటే కేసీ కాలువ వచ్చింది. పొలాలు తడపడమే కాదు, పడవలు నడపడం కూడా ఆ కాలువ ఉద్దేశం. తవ్విన కంపెనీ లాభం చూడలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. ఇప్పుడు ఆ కాలువ ఒడ్డున వినాయక ఘాట్‌లో నిమజ్జనాలు జరుగుతాయి. 1953 అక్టోబరు 1న ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఉద్యోగుల కోసం ఎ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ లేచాయి. 1956లో రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది, క్యాంపులు మాత్రం ఉండిపోయాయి. ఇవాళ సి క్యాంప్ అంటే మనకు గుర్తొచ్చేది రైతుబజారు.

అలివిపట్నంలో కూడా వందేళ్ళకు ఇసుక ఇంకా మేట వేసి, నది పక్కకు జరిగి, ఓడలు ఆరు మైళ్ళ అవతల కొత్త రేవుకు వెళ్ళాయనుకుందాం. సుంకపు చావిడి వీధిలో సుంకం ఉండదు. గాలి పిలిచేవాళ్ళు షావుకార్లతో పాటే తరలిపోతారు. కళాసీల పిల్లలు కొత్త రేవుకు కూలికి నడిచి వెళ్తారు, కానీ అక్కడి పడవవాళ్ళు వాళ్ళను పనిలోకి రానివ్వరు. తండేలు మనవడి దగ్గర పడవ లేదు, ఊరేగింపులో మొదట నడిచే హక్కు మాత్రం ఉంది. దాన్ని అతను ఎవరికీ వదులుకోడు. మీ కథ మొదలవ్వాల్సింది ఆ ఏడాదిలో, ఆ మనవడు, ఆ కళాసీ పిల్లలు ఒకే ఊరేగింపులో నిలబడిన రోజున.